పాతర నుంచి అటక దాకా: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ గృహాల ఆపత్కాల సన్నద్ధత

ఆపత్కాలానికి ఇంటిని సిద్ధపరచడం అనగానే నేటి విపత్తు నిర్వహణ సూచనలు టార్చిలైటు, మందులు, తాగునీరు, ముఖ్యపత్రాల జాబితాతో మొదలవుతాయి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల విషయంలో ఆ జాబితాకంటే ముందు రావలసిన ప్రశ్న ఒకటుంది: ఇక్కడి ఇల్లు దేనికి భయపడింది? ఇరవయ్యో శతాబ్ది ఉత్తరార్ధంలో ఆ భయానికి కారణం మారింది. ఇంటి అలవాట్లు మాత్రం పాత భయానికి అనుగుణంగానే చాలాకాలం నిలిచాయి.

సాగర్ జలాలు రాకముందు ఇది చెరువులమీద, వానమీద ఆధారపడిన నేల. చెరువు కింద వరి, మెట్టన జొన్న, సజ్జ, ఆముదం. గృహస్థు ముందుగా తలచుకునే ఆపద కరువు. గుమ్ములు, గరిసెలు, పాతరలు ఆ ఆపదకు చేసుకున్న ఏర్పాట్లే. వీటిలో పాతర నిర్మాణం ప్రత్యేకంగా గమనించదగినది. మెరక నేలలో గొయ్యి తవ్వి, అడుగున, పక్కల గడ్డి పరచి, జొన్నలు నింపి, పైన మట్టితో మూసేవారు. లోపల గాలి ఆడకపోవడంతో పురుగు బతకదు. అందుకే మూత తీసిన వెంటనే మనిషి దిగకూడదు, కొంతసేపు ఆగాలి. పాతరకు మరో ప్రయోజనం కూడా ఉంది, అది బయటివారి కంటపడదు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో నిజాం ప్రభుత్వపు లెవీ ధాన్యం వసూళ్లు, ఆ తరువాత రజాకార్ల దాడులు చూసిన తాలూకాలలో ఇది చిన్న విషయం కాదు.

1948 సెప్టెంబరు 13న బెజవాడ వైపు నుంచి వచ్చిన భారత సైన్యం ఉదయానికే కోదాడ చేరి, మునగాల మీదుగా సూర్యాపేట వైపు సాగింది. వెనుదిరిగిన నిజాం బలగాలు మూసీ వంతెనను దెబ్బతీశాయి. నేటి 65వ నంబరు జాతీయ రహదారి ఇంచుమించు ఆ బాటనే అనుసరిస్తుంది. దారి తెగినప్పుడు ఊరికి ఇంట్లో ఉన్నదే దిక్కు అన్న గ్రహింపు ఆ తరానికి కొత్త కాదు.

1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీరు విడుదలైంది. ఎడమ కాలువ మిర్యాలగూడను వరి కేంద్రంగా, బియ్యపు మిల్లుల పట్టణంగా మార్చింది. నిల్వ ఇంటిని వదిలి మిల్లుకూ, గిడ్డంగికీ చేరింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చాక పట్టణ పేద కుటుంబానికి కూడా గరిసెకన్నా రేషన్ కార్డే నమ్మకమైన ఆధారమైంది. ఈ మార్పును కేవలం నష్టంగా చూడడం సరికాదు. కరువు భయాన్ని తగ్గించిన ఘనత దానిదే. అయితే అదే కాలువ, అవే చెరువులు ఇంటికి మరో దిక్కు నుంచి ప్రమాదాన్ని తెచ్చాయి.

మూసీ పరీవాహకంలో ఈ ప్రమాదం కొత్తది కాదు. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదును ముంచిన వరద వెనుక ఎగువన వరుసగా తెగిన చెరువులున్నాయని మోక్షగుండం విశ్వేశ్వరయ్య గుర్తించారు. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల వానలో అటువంటి క్రమమే వేరే రూపంలో కనబడింది. చిలుకూరు, మట్టంపల్లి, హుజూర్‌నగర్ మండలాలలో ఒక్కరోజులో అటూ ఇటుగా 30 సెం.మీ. వాన పడింది. కోదాడ కాలనీలలోకి నీరు చేరింది, కార్లు కొట్టుకుపోయాయి, విజయవాడ రహదారిపై రాకపోకలు నిలిచాయి. నడిగూడెం మండలం కాగితరామచంద్రాపురం వద్ద ఎడమ కాలువకు గండిపడింది.

పాతర తర్కం ఇక్కడ తలకిందులవుతుంది. కరువుకూ దోపిడికీ విలువైనదాన్ని కిందికి దించాలి; వరదకు పైకెక్కించాలి. ఒకప్పుడు పనికిరాని సామానుకు వదిలేసిన అటకే ఈ పట్టణపు ఇంట్లో అన్నిటికన్నా భద్రమైన చోటు. అయినా బియ్యపు బస్తా నేలమీదే ఉంటుంది, ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు పుస్తకం బీరువా అడుగు అరలో ఉంటాయి. వరద తీశాక సాయం అడగడానికి కావలసినవి ఆ కాగితాలే.

దీనికి విరుద్ధమైన అనుభవం 2020 ఏప్రిల్‌ది. సూర్యాపేటలో కూరగాయల మార్కెట్ పరిసరాల నుంచి కోవిడ్ వ్యాపించి జిల్లా రెడ్‌జోన్‌లో చేరినప్పుడు మళ్లీ గరిసె బుద్ధే అక్కరకు వచ్చింది. గడప దాటకుండా కొన్ని వారాలు గడపగల ఇల్లే అప్పుడు నిలదొక్కుకుంది. ఒక ఆపదలో నిల్వ, మరో ఆపదలో నిష్క్రమణ. ఒకే జాబితా రెంటికీ చాలదు.

ఇంటి పరిధి దాటిన చిక్కు ఇంకొకటి ఉంది. 2005 విపత్తు నిర్వహణ చట్టం బాధ్యతను జిల్లా ప్రాతిపదికన, కలెక్టరు అధ్యక్షతన ఉంచింది. 2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా ఏర్పడినప్పుడు కోదాడ అందులో చేరింది, మిర్యాలగూడ నల్గొండలోనే ఉండిపోయింది. ఎడమ కాలువ మొదట మిర్యాలగూడ ప్రాంతాన్ని తడిపి తరువాత కోదాడ వైపు వెళుతుంది. కాబట్టి కోదాడలోని ఒక కుటుంబం బస్తాలను ఎప్పుడు అటకెక్కించాలో తెలుసుకోవడానికి కావలసిన సమాచారంలో కొంత పొరుగు జిల్లా నుంచే రావాలి.