మన పిల్లల ఒంటి మీద వార్డెన్ సంతకం

దళితుడి వేలిముద్రకు పాత చరిత్రే ఉంది. దొర కాగితం రాయించాడు, మనోళ్ళు నిశాని పెట్టారు. అందులో ఏం రాసిందో చదివి చెప్పినోడు లేడు. అట్లా భూములు పోయినయి, అప్పు కింద జీతగాళ్ళుగా తరాలు పోయినయి. చట్టం దృష్టిలో మాత్రం వాళ్ళు 'ఒప్పుకున్నారు'. ఆ ఒప్పుకోలే 2009లో ఖమ్మం జిల్లాలో మళ్ళీ కనిపించింది.

ఆ ఏడాది జులైలో అమెరికాకు చెందిన పాథ్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు హెచ్.పి.వి. టీకా మొదలుపెట్టాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే టీకా అది. మెర్క్ కంపెనీ ఉచితంగా ఇచ్చింది. సుమారు 14 వేల మందికి వేశారు. ఆదివాసీ, దళిత, పేద కుటుంబాల పిల్లలు. వాళ్ళలో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్ళలో ఉంటున్నవాళ్ళు. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇలాంటిదే జరిగింది. రెండుచోట్లా కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు, అయిదుగురు మనవాళ్ళు. మహిళా, ఆరోగ్య సంఘాలు నిలదీస్తే 2010 ఏప్రిల్‌లో ఆపేశారు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. ఆ చావులు టీకా వల్లేనని విచారణలో తేలలేదు. టీకా చెడ్డదని మనమూ అనటం లేదు. ఆ క్యాన్సర్‌తో ఎక్కువగా చచ్చేది పేద ఆడవాళ్ళే. మన ప్రశ్న వేరు. ఒప్పుకున్నది ఎవరు?

విచారణలో బయటపడిన లెక్క చూడండి. ఖమ్మంలో 9,543 అంగీకార పత్రాలుంటే, 1,948 మీద వేలిముద్రలున్నాయి. 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలున్నాయి. తల్లి ఊళ్ళో బతికే ఉంది. కూలికి పోయింది, అంతే. ఆమెకు కబురు చేయటానికి తీరిక లేదా? హాస్టల్లో అన్నం పెట్టేది వార్డెన్, తిట్టేది వార్డెన్, ఇంటికి పంపేది వార్డెన్. ఆయన సంతకం చేశాక పన్నెండేళ్ళ పిల్ల 'నాకొద్దు సార్' అనగలదా?

ఒప్పుకోలు అనే సూత్రం ఊరికే పుట్టలేదు. నాజీ డాక్టర్లు నిర్బంధ శిబిరాల్లో ఖైదీల మీద ప్రయోగాలు చేసినందుకు 1947లో నూరెంబర్గ్ న్యాయస్థానం దాన్ని మొదటి షరతుగా పెట్టింది. పెట్టినా ఏం లాభం? అదే అమెరికాలో, అలబామా రాష్ట్రం టస్కెగీలో, సిఫిలిస్ ఉన్న 399 మంది నల్లజాతి మగవాళ్ళకు జబ్బు సంగతి చెప్పకుండా, పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వకుండా, ఎట్లా చస్తారో చూస్తూ 1932 నుంచి 1972 దాకా కూర్చున్నారు. సూత్రం తెల్లవాళ్ళ కోసం, ప్రయోగం నల్లవాళ్ళ మీద. మన దగ్గర ఆ గీత కులం గీస్తుంది, తెగ గీస్తుంది.

ఖమ్మంలో జరిగింది ప్రయోగమే కాదు, 'ప్రదర్శనా ప్రాజెక్టు' అని వాళ్ళ వాదన. పేరు మారిస్తే బాధ్యత పోతుందా? 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఆ వాదన ఒప్పుకోలేదు. పిల్లలకు ఏమన్నా అయితే కనిపెట్టి రాసుకునే ఏర్పాటు కూడా సరిగా లేదని తప్పుపట్టింది. ఏర్పాటే లేనప్పుడు ఏ చావు దేనివల్లో తేల్చేదెట్లా?

హాస్టళ్ళు మనకెవరూ దానం చేయలేదు. చదువు కోసం కొట్లాడి తెచ్చుకున్నాం. కానీ అక్కడ మన పిల్లలు ఒకేచోట దొరుకుతారు, అడిగేవాళ్ళు దూరంగా ఉంటారు. అందుకే అంత సులువుగా వరసలో నిలబెట్టగలిగారు. ఇప్పుడు ఆ హాస్టళ్ళలో వార్డెన్లుగా, పంతుళ్ళుగా మనోళ్ళూ ఉన్నారు. ఈ పేజీ చదివేవాళ్ళలోనూ ఉన్నారు. రేపు ఇంకో ఫారం ఇంకో పేరుతో మన బల్ల మీదికే వస్తుంది. సంతకం పెట్టే ముందు తల్లిని పిలిపించాలి. ఆమె భాషలో, కోయలోనైనా తెలుగులోనైనా, మొత్తం చదివి చెప్పాలి. వద్దంటే వదిలేయాలి. అట్లా చేయకపోతే ఆనాటి దొర కాగితానికి, మన సంతకానికి తేడా ఏముంటుంది?