బొగ్గు నుంచి గింజ దాకా

రామగిరి బడిలో పదార్థపు మూడు స్థితులకు మంచుగడ్డనే ఉదాహరణగా చెప్పేవారు. మా ఎండల్లో మంచును చూసినదెవరు గనక? మాకు దగ్గరి ఉదాహరణ రామగుండం ఎరువుల కర్మాగారం.

అక్కడ 1980లో ఉత్పత్తి మొదలైంది. బొగ్గును పొడిచేసి, ప్రాణవాయువు, నీటి ఆవిరులతో వాయువుగా మార్చేవారు. (ఇది స్థితి మార్పు కాదు, రసాయన మార్పే, మా సారు మార్కులు వేయరు.) అందులోని ఉదజని నత్రజనితో కలిస్తే అమ్మోనియా. మామూలు పీడనం వద్ద అది మైనస్ 33 డిగ్రీలకు ద్రవమవుతుంది. దానికి బొగ్గుపులుసు వాయువు చేరితే యూరియా. సుమారు 133 డిగ్రీల వద్ద కరిగే ఆ యూరియాను ఎత్తైన గోపురం మీదినుంచి చినుకులుగా రాలుస్తారు. కిందినుంచి ఎదురొచ్చే గాలికి చల్లబడి, అడుగు చేరేలోపే ప్రతి చినుకూ తెల్లని గింజగా గడ్డకడుతుంది. ఘనీభవనమంటే నాకు నేటికీ అదే.

బొగ్గులో బూడిద ఎక్కువ, విద్యుత్తుకు కొరత. యంత్రాలు తరచూ మొరాయించేవి. 1999లో కర్మాగారం మూతపడింది. అక్కడే కొత్తది 2021లో మొదలైంది. గింజ పాతదే, ముడిసరుకు మాత్రం బొగ్గు కాదు. గనుల నడుమనున్న ఆ ఆవరణకు, గోదావరి దిగువ నుంచి సహజవాయువు గొట్టంలో ఎదురెక్కి వస్తోంది.