దాత ఒకచోట, దారి ఒకచోట – ఇంటర్నెట్ విరాళాల కథ

దానం చేయడం మన పెద్దలకు ఎవరూ నేర్పనక్కరలేని విద్య. కాలంతోపాటు మారుతూ వచ్చినది దానగుణం కాదు, దానం చేరే దారి. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచెత్తినప్పుడు ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు మొదలైన నటులు జోలె పట్టి వీధుల్లో తిరిగిన దృశ్యం మన తరం మరచిపోలేదు. దూరాన ఉన్నవారికి తపాలాశాఖ 1880లో ప్రవేశపెట్టిన మనియార్డరు ఉండనే ఉంది. అడిగేవాడు కళ్లెదుట ఉండేవాడు, లేదా రశీదు చేతికి వచ్చేది. ఈ రెండూ కనబడని ఇంటర్నెట్ దారి ప్రజల నమ్మకాన్ని ఎలా సంపాదించింది? అందులో వయసు మళ్లినవారి స్థానం ఏమిటి? ఈ చరిత్ర మనకు సంబంధించినదే.

ఇది అమెరికాలో మొదలైంది. అక్కడి ధార్మిక సంస్థలు చాలాకాలం తపాలా మీదనే ఆధారపడ్డాయి. సంస్థ ఉత్తరం రాస్తుంది, దాత చెక్కు పంపుతాడు. అలా చెక్కులు పంపేవారిలో పెద్ద వయసు వారే ఎక్కువ. 1990లలో ఇంటర్నెట్ వచ్చింది కాని, దాని ముందు కూర్చున్నది యువకులు. ప్యూ పరిశోధనా కేంద్రం లెక్కల ప్రకారం 2000 సంవత్సరంలో అక్కడ 18-29 ఏళ్లవారిలో నూటికి 70 మంది ఇంటర్నెట్ వాడుతుంటే, 65 దాటినవారిలో 14 మందే వాడేవారు. ఇచ్చే అలవాటు ఒక తరానిది, కొత్త దారి మరొక తరానిది. సంస్థలకు ఎదురైన మొదటి చిక్కు ఇదే.

చేతిలో డబ్బు లేని యువతరానికి తగిన ఉపాయం ఒకటి 1999 జూన్‌లో వచ్చింది. ఇండియానా రాష్ట్రానికి చెందిన జాన్ బ్రీన్ ‘హంగర్ సైట్’ను ప్రారంభించాడు. చూసేవారు ఒక బొత్తాం నొక్కితే చాలు, ప్రకటనదారులు చెల్లించే సొమ్ముతో ఐక్యరాజ్యసమితి ప్రపంచ ఆహార కార్యక్రమానికి కొంత ఆహారం సమకూరేది. నొక్కినవారికి కానీ ఖర్చు లేదు.

అయితే సొంత డబ్బు ఈ దారిన పెద్దయెత్తున కదిలింది విపత్తుల వేళల్లోనే. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత అమెజాన్ సంస్థ తన సైటు ద్వారా రెడ్‌క్రాస్ కోసం 60 లక్షల డాలర్లకు పైగా సేకరించింది. 2004 డిసెంబరు 26న మన కోస్తాను సైతం తాకిన సునామీ వచ్చినప్పుడు ప్రపంచం నలుమూలల నుంచి విరాళాలు వెల్లువెత్తాయి. ‘సరిహద్దులు లేని వైద్యులు’ సంస్థ 2005 జనవరి మొదట్లోనే, సునామీ పనులకు సరిపడా సొమ్ము వచ్చిందని ప్రకటించి, అదనపు సొమ్మును ఇతర అవసరాలకు వాడడానికి దాతల అనుమతి కోరింది. చాలామంది సమ్మతించారు. వద్దని చెప్పగలిగిన సంస్థపై గౌరవం పెరగదా! 2010 జనవరిలో హైతీ భూకంపం వచ్చినప్పుడు ఇంటర్నెట్ కూడా అక్కరలేకపోయింది. ఒక్క సంక్షిప్త సందేశం పంపితే పది డాలర్లు ఫోను బిల్లులో కలిసేవి. అలా అమెరికన్ రెడ్‌క్రాస్‌కు 3 కోట్ల డాలర్లకు పైగా చేరాయి.

దీపం వెనుకనే నీడ ఉంటుంది. 2005లో కత్రినా తుఫాను తర్వాత బాధితుల పేరుతో నకిలీ సైట్లు పుట్టుకురాగా, అమెరికా న్యాయశాఖ ప్రత్యేక కార్యదళాన్ని నియమించవలసి వచ్చింది. మన దేశంలో 2020 మార్చిలో పి.ఎం. కేర్స్ నిధి ప్రకటించగానే, దాని యు.పి.ఐ. చిరునామాలో ఒక్క ‘ఎస్’ అక్షరం తీసివేసి ఎవరో నకిలీ చిరునామా సృష్టించారు. ఢిల్లీ పోలీసులు కేసు పెట్టారు. ఒక్క అక్షరం తప్పితే పుణ్యం దొంగ పాలవుతుందన్నమాట.

మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ సేవ 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా అందింది. 2000లో గివ్ ఇండియా వంటి సంస్థలు వచ్చి, దాతకూ సేవాసంస్థకూ మధ్య వంతెన వేశాయి. అయినా 2016లో యు.పి.ఐ. వచ్చాకనే చిన్న దాతకు దారి సుగమమైంది. యాభై రూపాయలు పంపడానికి కూడా బ్యాంకు వరుసలో నిలబడే శ్రమ తప్పింది. 2017 ఆర్థిక చట్టం 80-జి రాయితీకి నగదు విరాళం పరిమితిని 10,000 నుంచి 2,000 రూపాయలకు తగ్గించి, పెద్ద విరాళాలను బ్యాంకు దారి పట్టించింది. 2021-22 నుంచి సంస్థలే దాతల వివరాలను ఆదాయపు పన్ను శాఖకు సమర్పించి, దాతకు ధ్రువపత్రం ఇవ్వాలన్న నిబంధన వచ్చింది. పాత రశీదుకు ఇది కొత్త రూపం.

ఇంతలో మొదటి చిక్కు చాలావరకు విడిపోయింది. అమెరికాలో 65 దాటినవారిలో ఇంటర్నెట్ వాడేవారు 2021 నాటికి నూటికి 75కు చేరారు. మన దగ్గర చిత్రం వేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవారు ఆంధ్రప్రదేశ్‌లో ఐదుగురిలో ఒకరు, తెలంగాణలో నలుగురిలో ఒకరు. పురుషులు సుమారు సగం మంది. అరవై దాటిన మనలాంటివారు ఆ లెక్కలోనే లేరు! గుప్పెడు బియ్యం తీసి పక్కన పెట్టే చేయి ఇల్లాలిది, మీటలు నొక్కే చేయి మరొకరిది.

ఈ చరిత్ర చెప్పేది ఒక్కటే. దారులు మారినా దాతకు కావలసినవి మారలేదు: అడిగినవారెవరో తెలియాలి, ఇచ్చినది చేరిందని తెలియాలి. జోలె పట్టినవాడి ముఖం చూసి ఇచ్చిన మనం, నేడు ఫోనుకు వచ్చిన సందేశం చూసి తొందరపడి ఇవ్వరాదు. సంస్థ పేరు, ఖాతా పేరు సరిచూసుకోవాలి. రశీదు అడగడానికి మొహమాటపడకూడదు. డబ్బు తీసుకోవడానికి మన రహస్య సంఖ్య ఎవరికీ అవసరం ఉండదని గుర్తుంచుకోవాలి. మనుమడి చేత పంపించినా, వివరాలు చదివి చూడవలసినది మనమే. అపాత్రదానం కూడదన్న పెద్దల మాటకు కంప్యూటరు యుగంలోనూ కాలదోషం పట్టలేదు. ఉద్యోగ జీవితమంతా కాగితాలు సరిచూసి సంతకం పెట్టిన మనకు ఆ జాగ్రత్త కొత్త కాదు. ఆ జాగ్రత్తను పిల్లలకూ నేర్పితే, అదీ ఒక దానమే.