డైములతో పుట్టిన టీకా

1952 వేసవిలో అమెరికాలో చాలామంది తల్లిదండ్రులు పిల్లల్ని ఈతకొలనుల ఛాయలకు కూడా పోనివ్వలేదు. ఆ ఒక్క ఏడాదే అక్కడ దాదాపు 58,000 మందికి పోలియో సోకింది. మూడు వేల మందికి పైగా చనిపోయారు. 21,000 మందికి పైగా కాళ్లో చేతులో చచ్చుబడ్డాయి. ఛాతీ కండరాలు పనిచేయనివాళ్లను ‘ఐరన్ లంగ్’ అనే ఇనుప గొట్టంలో మెడదాకా పడుకోబెట్టేవారు. ఆ యంత్రం ఆడితేనే వాళ్లకు ఊపిరి ఆడేది. మూడేళ్లు తిరక్కుండానే పోలియోకు టీకా వచ్చింది. ఆ టీకా ఎలా తయారైందో చాలామంది చదివే ఉంటారు. దాన్ని పిల్లలందరికీ ఎవరి ఖర్చుతో వేయాలన్న వాదన ఎలా తేలిందో మాత్రం అంతగా ప్రచారంలో లేదు. ఈ రెండో కథ లేకుండా మొదటిది పూర్తి కాదు.

తర్వాత అధ్యక్షుడైన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 1921లో, 39 ఏళ్ల వయసులో జబ్బుపడి నడక కోల్పోయాడు. అది పోలియో అని వైద్యులు తేల్చారు. 1938లో ఆయన ఈ జబ్బు కోసమే ఒక జాతీయ సంస్థను నెలకొల్పి, పాత భాగస్వామి అయిన న్యాయవాది బేసిల్ ఓకానర్ చేతిలో పెట్టాడు. హాస్యనటుడు ఎడ్డీ కాంటర్ రేడియోలో జనానికి ఒక విన్నపం చేశాడు: తలా ఒక డైము, అంటే పది సెంట్ల నాణెం, నేరుగా అధ్యక్ష భవనానికి పంపండి అని. 26 లక్షలకు పైగా నాణేలు వచ్చిపడ్డాయి. ఆ తర్వాత ఏటా తల్లులు ఇల్లిల్లూ తిరిగి చందాలు పోగుచేశారు. పోలియో పరిశోధనకు ప్రధాన ఆధారం ఖజానా డబ్బు కాదు, ఈ చిల్లరే.

ఆ డబ్బు పరిశోధనను నిలబెట్టింది. అంతకుముందు వైరస్‌ను పెంచాలంటే కోతుల నాడీకణజాలమే దిక్కు. అందులో పెంచిన వైరస్‌తో టీకా చేసి మనుషులకు ఇవ్వడం ప్రమాదం. 1949లో బోస్టన్‌లో జాన్ ఎండర్స్, థామస్ వెల్లర్, ఫ్రెడరిక్ రాబిన్స్ ఆ వైరస్‌ను నాడులతో సంబంధంలేని కణజాలంలో పెంచి చూపారు. 1954లో వాళ్లకు నోబెల్ బహుమతి వచ్చింది. ఈ దారి పట్టుకుని పిట్స్‌బర్గ్‌లో జోనాస్ సాక్ మూడు రకాల పోలియో వైరస్‌లనూ కోతి మూత్రపిండ కణాల్లో పెంచి, ఫార్మాల్డిహైడ్‌తో చంపి టీకా చేశాడు. పరీక్షకు కావలసినంత వైరస్ ద్రవాన్ని భారీ ఎత్తున తయారుచేసే పద్ధతిని టొరంటోలోని కొనాట్ ప్రయోగశాల రూపొందించింది.

1954 ఏప్రిల్ 26న పరీక్ష మొదలైంది. సుమారు 18 లక్షల మంది బడిపిల్లలు పాల్గొన్నారు. కొందరికి అసలు టీకా, కొందరికి మందులేని సూది, మిగిలినవాళ్లపై పరిశీలన. ఖర్చంతా చందాల డబ్బే. ఆ ఏడాది గాలప్ సర్వే చేస్తే, అధ్యక్షుడి పూర్తి పేరు చెప్పగలిగినవాళ్ల కంటే ఈ పరీక్ష గురించి తెలిసినవాళ్లే ఎక్కువమంది తేలారు. జనం దీన్ని తమ సొంత పనిగా చూశారు. తర్వాత జరిగిందంతా అర్థం కావాలంటే ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

1955 ఏప్రిల్ 12న మిషిగన్ విశ్వవిద్యాలయంలో థామస్ ఫ్రాన్సిస్ ఫలితం ప్రకటించాడు: టీకా సురక్షితం, పనిచేస్తుంది. కొన్ని ఊళ్లలో చర్చి గంటలు మోగించారు. ఫలితం తేలకముందే ఓకానర్ ధైర్యం చేసి, ఒకటి రెండు తరగతుల పిల్లల కోసం 90 లక్షల డాలర్ల టీకా కొనడానికి ఒప్పందం కుదుర్చుకుని ఉన్నాడు. మరి తక్కిన పిల్లల మాటేమిటి? ప్రభుత్వం దగ్గర పథకమే లేదు. ఇంత గిరాకీ వస్తుందని ఎవరూ ఊహించలేకపోయారని ఆరోగ్యశాఖ మంత్రి ఓవెటా కల్ప్ హాబీ సెనేటర్ల ముందు చెబితే, జనం మండిపడ్డారు. పదిహేడేళ్లుగా చందాలిచ్చి ఎదురుచూసింది వాళ్లే కదా! అందరికీ ఉచితంగా వేయడమంటే దొడ్డిదారిన సోషలిస్టు వైద్యం తేవడమేనని ఆమె వాదన. పక్కనే కెనడాలో కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు ఖర్చు పంచుకుని పిల్లలకు ఉచితంగా వేయిస్తూనే ఉన్నాయి.

అంతలో ఘోరం జరిగింది. కాలిఫోర్నియాలోని కటర్ కంపెనీ టీకాలో కొంత బతికున్న వైరస్ మిగిలిపోయింది. దాని వల్ల దాదాపు 200 మందికి పక్షవాతం వచ్చింది, పదిమంది చనిపోయారు. మే నెలలో దేశమంతటా టీకాలు కొన్నాళ్లు ఆగాయి. తయారీపై ప్రభుత్వ తనిఖీ ఎంత పలచగా ఉందో అప్పుడు బయటపడింది. ఆ తర్వాత పరీక్షలు కట్టుదిట్టం చేశారు, టీకాల ప్రమాణాలు చూసే విభాగాన్ని పెంచారు. హాబీ జూలైలో, భర్త అనారోగ్యం కారణంగా చెప్పి, పదవి వదిలారు. ఆగస్టు 12న అధ్యక్షుడు ఐసన్‌హోవర్ సంతకంతో పోలియో టీకా సాయం చట్టం వచ్చింది. రాష్ట్రాలు టీకా కొనడానికి 3 కోట్ల డాలర్లు ఇచ్చారు. 1957 నాటికి ఏడాది కేసులు ఆరు వేలకు దిగువకు వచ్చాయి. 1962లో మరో చట్టం కోరింతదగ్గు, ధనుర్వాతం, డిఫ్తీరియా టీకాలకూ కేంద్ర నిధులు తెచ్చింది.

ఇదే ప్రశ్న 2021లో మన గడప తొక్కింది. కరోనా టీకా కొవాగ్జిన్ తయారైంది హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్‌లో, ప్రభుత్వ సంస్థ ఐసీఎంఆర్ భాగస్వామ్యంతో. అందులో ప్రజాధనం పాలు ఉంది. అయినా మే 1 నుంచి కేంద్రానికి ఒక ధర, రాష్ట్రాలకు ఒక ధర, ప్రైవేటు ఆసుపత్రులకు మరో ధర అన్నారు. 18 నుంచి 44 ఏళ్లవారి భారాన్ని రాష్ట్రాల మీద, ఆయా వ్యక్తుల మీద వేశారు. రాష్ట్రాలు అభ్యంతరం చెప్పాయి. బడ్జెట్‌లో కేటాయించిన 35,000 కోట్ల రూపాయలు ఎలా ఖర్చయ్యాయో చెప్పమని సుప్రీంకోర్టు అడిగింది. జూన్ 7న, పద్దెనిమిదేళ్లు నిండిన వారందరికీ కేంద్రమే ఉచితంగా టీకా ఇస్తుందన్న ప్రకటన వెలువడింది.

ఈ రెండు సందర్భాల్లోనూ జనం ఖర్చును కాదనలేదు. తమ డబ్బు తమ పిల్లల దాకా రాకపోవడాన్ని కాదన్నారు. కటర్ తర్వాత కూడా టీకా వద్దనలేదు, సరిగా తనిఖీ చేసి ఇవ్వమన్నారు. అంటువ్యాధి వేళ ఖజానా లెక్క అడిగితే అది రాజకీయమని కొట్టిపారేసేవాళ్లుంటారు. అది పౌరుల బాధ్యత అని నేను గట్టిగా నమ్ముతాను. దేనికి ఖర్చుపెట్టాలో, ఎక్కడ వెనకాడకూడదో పాలకులకు చెప్పవలసింది ఆ డబ్బు ఇచ్చినవాళ్లే.