టాకీసు ఆపరేటర్ చాచా

మన కొత్తకోటవాడే ఒక చాచా హైదరాబాదు టాకీసులో ఆపరేటరుగా చేసినాడు. రెండు కార్బను కడ్డీల నడుమ మంట పుట్టించి, 2,000 అడుగుల రీలు 22 నిమిషాలకు అయిపోయేలోపల రెండో మిషను సిద్ధం చేయవలె. 1975లో వచ్చిన ‘షోలే’ మూడు గంటల పైచిలుకు. రంజానులో ఆ వేడిగదిలో ఉపవాసముతోనే వేసేవాడట.

2010 తరువాత డిజిటలు వచ్చె, రీళ్ళు పోయె, టాకీసూ మూతబడె. ఆఖరి ఆటకు ఇరవైమందైనా లేరు. “దీపం ఆర్పబుద్ధి గాలె బేటా” అన్నడు. మిషను పాతఇనుముల తూకానికి పోయింది. లెన్సొకటి మాత్రం అడిగి తెచ్చుకున్నాడు. మేము పోయినప్పుడు తలుపు మూసి, కిటికీకి ఎదురుగ దాన్ని పట్టి, బయటి వేపచెట్టును గోడమీద తలకిందులుగ మా పిల్లలకు చూపించినాడు. “రీలునూ తలకిందులే ఎక్కిస్తుంటిమి” అన్నడు.