ఆచార్య రంగా స్థాపించిన పక్షములు

బోధను, వర్ని ప్రాంతములలో ‘క్యాంపు’ అను మాటతో ముగియు ఊళ్లపేరులు శ్రోతలు వినియే యుందురు. 1931లో మంజీరపై నిజాంసాగరము పూర్తియైన పిమ్మట, గుంటూరు, కృష్ణామండలముల రైతులు కాలువనీటి నాశ్రయించి వచ్చి నెలకొన్న తావు లవి. 1937లో బోధను చెంత శక్కర్‌నగరున నిజాం చక్కెర కర్మాగారము వెలసిన పిదప ఆ పొలములందు చెరకు విరివిగా పెరిగెను. ఆ వలసవారి మండలముననే, నిడుబ్రోలు గ్రామమున, 1900 నవంబరు 7వ తేదీన గోగినేని రంగనాయకులుగారు జన్మించిరి. లోకమునకు ఆచార్య రంగాగా తెలిసినవారు వీరే.

ఆక్సుఫర్డున అర్థశాస్త్ర మభ్యసించి, మదరాసు పచ్చయప్ప కళాశాలలో వీరు బోధించిరి. 1930లో కేంద్ర శాసనసభకు ఎన్నికైరి. స్వగ్రామమున రైతులకై విద్యాలయము నెలకొల్పిరి. జమీందారీ రైతుల పక్షమున పోరాడిరి. 1936లో లక్నో నగరమున అఖిల భారత కిసాన్ సభ నేర్పరచినవారిలో నొకరైరి. ఇట్టివారిని మితవాదులలో చేర్చి చెప్పుట మొదట వింతగా తోచును. కాని వారి మతమున భూమి దున్నువానిది. జమీందారు చేతినుండి విడిపించిన పొలమును సర్కారు చేతిలో పెట్టుటకు వారి మన సొప్పలేదు. ఆ యొక్క సూత్రమును పట్టుకొని నడచినచో వారి రాకపోకలు చాలవరకు బోధపడును.

1951లో ఆంధ్ర కాంగ్రెసు అధ్యక్షపదవికై జరిగిన పోటీలో నీలం సంజీవరెడ్డిగారిచే ఓడి, వారు కాంగ్రెసును వీడి కృషికార్ లోక్ పార్టీని స్థాపించిరి. ఇందు సిద్ధాంత మెంత, పంత మెంత అని అడిగినచో, రెండును కలవనియే నా యభిప్రాయము. 1952 ఎన్నికలలో మదరాసు శాసనసభయందు ఈ పార్టీకి 15 స్థానములు లభించెను. 1955లో అది కాంగ్రెసుతో కలిసి పోటీచేసెను. రంగాగారు మరల కాంగ్రెసువారై 1957లో తెనాలి నుండి లోకసభకు వెళ్లిరి.

1959 జనవరిలో నాగపూరు కాంగ్రెసు ఉమ్మడి సహకార వ్యవసాయమును తీర్మానించెను. గట్లు చెరిపి పొలములన్నియు నొకటి చేసినచో రైతు తన నేలపైననే కూలివాడగునని రంగాగారి వాదము. ఇది మన బోధనువారికి క్రొత్త మాట కాదు. స్వంతచెరకు నరకి బండి కెత్తు రైతును, కర్మాగారమువారి క్షేత్రములలో దినవేతనమునకు నరకు మనిషిని ఇచ్చటివారు ప్రక్కప్రక్కనే చూచియున్నారు. అయితే సెంటుభూమియైన లేని ఆ రెండవవానికి చెరుపుటకు గట్టేది? రంగాగారి వాద మతనిని గూర్చి తక్కువగా మాటలాడెను.

ఆ యేటనే రాజాజీ, మసానీ, మున్షీ మొదలగువారితో కలిసి స్వతంత్ర పార్టీని స్థాపించి వీరు దాని కధ్యక్షులైరి. గుర్తు నక్షత్రము. జయపురపు రాణి గాయత్రీదేవి, రామగఢ రాజు మున్నగువారు అందు చేరిరి. జమీందారులపై పోరాడిన చేతులు రాజులతో కలియుట పలువురు మెచ్చలేదు. 1962లో తెనాలిలో ఓడినను చిత్తూరు ఉపఎన్నికలో గెలిచిరి. 1967లో పార్టీ 44 స్థానములతో లోకసభలో ప్రతిపక్షములలో అగ్రస్థానమున నిలిచెను. వారు శ్రీకాకుళము నుండి ఎన్నికైరి. 1971లో మిగిలినవి 8 మాత్రమే. 1974లో ఆ పార్టీ భారతీయ లోకదళమున లీనమయ్యెను. అప్పటికే రంగాగారు కాంగ్రెసు గూటికి చేరియుండిరి. 1980, 1984, 1989 సంవత్సరములలో గుంటూరు నుండి గెలిచి, 1995 జూన్ 9న దివంగతులైరి.

బోధను కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడెను.