హాఫ్ డోమ్

హాఫ్ డోమ్ అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని కాలిఫోర్నియా రాష్ట్రములో, యోసెమిటీ జాతీయ వనములో ఉన్న ఒక రాతి శిఖరము. ఈ పేరుకు సగము గుమ్మటము అని అర్థము. సముద్ర మట్టమునకు దీని ఎత్తు 8,842 అడుగులు (సుమారు 2,695 మీటర్లు). ఒక్క రోజులో కాలినడకన ఎక్కి దిగగలిగిన శిఖరాలలో కష్టమైన వాటిలో ఒకటిగా ఇది పేరు పొందినది.

స్వరూపము

ఈ కొండ గ్రానైటు జాతికి చెందిన గ్రానోడయోరైట్ అను రాతితో ఏర్పడినది. మూడు వైపులా గుండ్రముగా ఉండి, వాయవ్య దిశలో మాత్రము కోసినట్లు నిట్టనిలువుగా ఉంటుంది. ఒకప్పటి పూర్తి గుమ్మటములో సగభాగము విరిగి పడిపోయినదని చాలామంది అనుకొంటారు. ఇది నిజము కాదు. రాతిలోని నిలువు పగుళ్ళ వెంబడి పలకలు ఊడిపోవుట వలన ఈ ముఖము ఏర్పడినది. అసలు గుమ్మటములో ఎక్కువ భాగము ఇప్పటికీ నిలిచియే ఉన్నది. స్థానిక అవానీచీ తెగవారి గాథలో ఈ కొండ టిస్సాయక్ అను స్త్రీ. రాతిపై కనిపించే చారలు ఆమె కన్నీటి జాడలని చెబుతారు.

చరిత్ర

1865లో భూగర్భ శాస్త్రవేత్త జోసయా విట్నీ ఈ శిఖరముపై మానవుడు ఎన్నటికీ కాలు మోపలేడని వ్రాశాడు. పదేళ్ళకే, 1875లో, జార్జ్ ఆండర్సన్ అను వ్యక్తి రాతికి రంధ్రాలు తొలిచి, వాటిలో ఇనుప కొక్కేలు బిగించుకొంటూ పైకి చేరాడు. 1919లో సియెరా క్లబ్ ఇదే దారిలో ఉక్కు తాళ్ళను అమర్చినది. నిలువు ముఖమును మాత్రము 1957లో రాయల్ రాబిన్స్, జెర్రీ గాల్వాస్, మైక్ షెరిక్ మొదటిసారి అధిరోహించారు.

నడక మార్గము

రానుపోను దూరము 14 నుండి 16 మైళ్ళు (22 నుండి 26 కి.మీ.). ఎక్కవలసిన ఎత్తు సుమారు 4,800 అడుగులు. సాధారణముగా 10 నుండి 12 గంటలు పడుతుంది కనుక తెల్లవారకముందే బయలుదేరుట మంచిది. దారి యోసెమిటీ లోయలోని హ్యాపీ ఐల్స్ వద్ద మొదలై, 317 అడుగుల వెర్నల్ జలపాతము, 594 అడుగుల నెవాడా జలపాతముల పక్కగా సాగుతుంది. వెర్నల్ పక్కనున్న 600 పైచిలుకు రాతిమెట్లు తుంపరల వలన తడిసి జారుతూ ఉంటాయి. కుళాయి నీరు వెర్నల్ దిగువనున్న వంతెన వద్దనే చివరిసారి దొరుకుతుంది. ఆపైన మెర్సెడ్ నది నీటిని శుద్ధి చేసుకొని త్రాగవలెను.

చివరి 400 అడుగులు అత్యంత కష్టమైనవి. నున్నని ఏటవాలు రాతిపై రెండు ఉక్కు తాళ్ళను చేతులతో పట్టుకొని, అక్కడక్కడ ఉన్న చెక్కపలకలపై కాళ్ళు ఆన్చుకొంటూ ఎక్కవలెను. ఎక్కేవారు, దిగేవారు ఒకే దారిని పంచుకొంటారు. తాళ్ళను నిలబెట్టే స్తంభాలను సుమారు మే చివరి నుండి అక్టోబరు మధ్య వరకు మాత్రమే ఉంచుతారు.

అనుమతి పత్రములు

రద్దీ వలన 2010లో వారాంతములకు, సెలవు దినములకు, 2011 నుండి అన్ని రోజులకు అనుమతి పత్రము తప్పనిసరి చేశారు. రోజుకు సుమారు 300 మందికి, లాటరీ పద్ధతిలో వీటిని ఇస్తారు.

ప్రమాదములు

అనుమతి పత్రము రద్దీని తగ్గిస్తుందే గాని రాతిని ఆరబెట్టదు. వాన పడినప్పుడు ఈ రాయి విపరీతముగా జారుతుంది. తాళ్ళ వద్ద జరిగిన పలు మరణాలకు తడి రాయియే కారణము. వేసవి మధ్యాహ్నములలో ఉరుములతో కూడిన వానలు తరచుగా వస్తాయి. 1985 జూలై 27న శిఖరముపై పిడుగు పడి ఇద్దరు మరణించారు, మరి ముగ్గురు గాయపడ్డారు. అందుచేత మబ్బులు కమ్మితే శిఖరము ఎంత దగ్గరగా ఉన్ననూ వెనుదిరగవలెనని, మధ్యాహ్నము 3:30 వంటి ఒక గడువును ముందే నిర్ణయించుకొని, ఆలోగా పైకి చేరలేకపోతే దిగిపోవలెనని వనాధికారులు సూచిస్తారు. లాటరీలో దొరికిన అవకాశమును వదలుకొనుట కష్టమే. అయిననూ శిఖరము చేరుట నడకలో సగము మాత్రమే. అలసిన కాళ్ళతో అదే దారిన తిరిగి దిగవలసి ఉంటుంది.